నవ్వడానికి భయపడిన మనిషి: డయాలిసిస్ రోగి భార్యతో సాగిన కౌన్సెలింగ్‌పై ఒక కేస్ స్టడీ

దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవారిని ఇంట్లో చూసుకుంటున్న మనిషికి "రోజూ కాస్త సంతోషంగా ఉండే క్షణాలు వెతుక్కోండి" అని చెప్పడం మా వృత్తిలో పరిపాటి. ఆ సలహా తప్పు కాదు, దాని వెనుక పరిశోధన కూడా ఉంది. అయినా కొందరికి అది ఎందుకు పనిచేయదు, పనిచేయాలంటే దానికంటే ముందు ఏమి జరగాలి అన్న ప్రశ్నకు నాకు అందరికంటే స్పష్టంగా జవాబు చూపించిన కేసు ఇది. హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తూ, డయాలిసిస్ మీద ఉన్న ఒక రోగి భార్య కేసును ఆమె రాతపూర్వక సమ్మతితో ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబ వివరాలను, నివాసాన్ని, కొన్ని సంఘటనల వరుసను మార్చాను. ఆలోచన సాగిన తీరును మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. సికింద్రాబాద్ వైపు ఒక పాత కాలనీలో భర్తతో కలిసి రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటారు. పెళ్ళయిన కొత్తలోనే కుట్టుమిషన్ కొనుక్కొని జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం, కుచ్చులు కట్టడం మొదలుపెట్టి, ఆ సంపాదనతోనే పిల్లల ఫీజుల్లో సగం భారం మోశారు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, కూతురికి పెళ్ళయి జిల్లాలో ఉంటోంది. భర్తకు చాలా ఏళ్ళుగా మధుమేహం, రక్తపోటు ఉండి, వాటివల్ల కిడ్నీలు పాడై, ఆమె నా దగ్గరకు వచ్చేసరికి దాదాపు రెండేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నారు. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి. ఆరోగ్యశ్రీ కింద డయాలిసిస్‌కు డబ్బు కట్టనవసరం లేకపోయినా, ఆటో చార్జీలు, బయట కొనే మందులు, పరీక్షలు ఇంటి ఖర్చును తినేస్తున్నాయి. కిడ్నీ మార్పిడి కోసం, మరణించినవారి అవయవాలను అవసరమైనవారికి అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో ఆయన పేరు నమోదు చేయించుకొని ఎదురుచూస్తున్నారు.

డయాలిసిస్ ఇంటిని ఎంతగా తన అధీనంలోకి తెచ్చుకుంటుందో తెలియనివారికి కొంత వివరించాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఈ వివరాల చుట్టూనే తిరుగుతుంది. కిడ్నీలు నీటిని బయటకు పంపలేవు కనుక రోగి రోజుకు తాగే ద్రవాలకు కొలత ఉంటుంది. మామూలుగా, ముందు రోజు వచ్చిన మూత్రానికి సుమారు అర లీటరు కలిపి ఆ లెక్క కడతారు. చాయ్, మజ్జిగ, చారు అన్నీ ఆ కొలతలోకే వస్తాయి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కనుక అరటిపండు, కొబ్బరినీళ్ళు, మామిడిపండు వంటివాటి మీద ఆంక్షలు ఉంటాయి, కూరగాయలను తరిగి ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండాలి. సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్ట్యులా పనిచేస్తోందో లేదో రోజూ వేలు పెట్టి చూసుకోవాలి. పనిచేస్తుంటే అక్కడ సన్నని ప్రకంపన తెలుస్తుంది. ఈ కొలతలన్నిటినీ ఇంట్లో మోస్తున్నది ఆమె ఒక్కరే.

ఆమె చెప్పిన సమస్య

డయాలిసిస్ కేంద్రంలో పనిచేసే సిస్టర్ ఒకరు గమనించి పంపితే ఆమె వచ్చారు. తలనొప్పి, నిద్రలేమి, చిన్న మాటకే కోపం రావడం, ఆ తర్వాత గంటల తరబడి ఏడవడం, ఇవీ మొదట చెప్పినవి. రాత్రి పలుమార్లు లేచి భర్త చేతిమీద వేలు పెట్టి ప్రకంపన ఉందో లేదో చూస్తున్నారు. దేనిమీదా మనసు పోవడం లేదని, టీవీలో ఏమొస్తోందో కూడా తెలియకుండా చూస్తున్నానని అన్నారు.

లేచి వెళ్ళబోతూ చెప్పిన మాట మాత్రం వీటన్నిటికంటే ముఖ్యమైనది. కొన్ని నెలల కిందట చెల్లెలి ఇంట్లో ఒక శుభకార్యానికి భార్యాభర్తలు వెళ్ళారు. అక్కడ చిన్నపిల్లవాడు చేసిన అల్లరికి ఆమె చాలాకాలం తర్వాత పగలబడి నవ్వారు. ఆ రాత్రే భర్తకు ఆయాసం ఎక్కువై అత్యవసర విభాగానికి తీసుకుపోవలసి వచ్చింది. "ఆ దినం గట్ల నవ్విన మేడం, రాత్రికే గిట్లయింది. అప్పటిసంది నవ్వొస్తే భయమైతది" అన్నారు. ఎక్కువ నవ్వితే ఏడవాల్సి వస్తుందని చిన్నప్పుడు ఇంట్లో పెద్దలు అన్న మాట ఆమెకు ఆ రాత్రి నిజమై కనిపించింది.

గత రెండు వారాల స్థితిని తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9లో ఆమె మార్కులు మధ్యస్థ కుంగుబాటును సూచించే 10–14 పరిధిలో వచ్చాయి. చూసుకునేవారి భారాన్ని 22 ప్రశ్నలతో అంచనా వేసే జరిట్ ప్రశ్నావళిలో భారం తీవ్రంగానే తేలింది. "పడుకుంటే మల్ల లేవకుంటే మంచిగుండు" అన్న ఆలోచన అప్పుడప్పుడు వస్తోందని చెప్పారు కనుక ఆ విషయాన్ని నేరుగా, నిదానంగా అడిగాను. ప్రాణం తీసుకోవాలన్న ఉద్దేశం గానీ, ఎలా అన్న ఆలోచన గానీ లేవు. అయినా కొడుకుతో ఈ విషయం మాట్లాడడానికి ఆమె అనుమతి తీసుకొని, రాత్రి వేళ మనసు అదుపు తప్పితే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చి, సైకియాట్రిస్టు వద్దకు పంపాను. ఆయన సూచించిన రక్తపరీక్షల్లో థైరాయిడ్ సరిగా ఉంది, రక్తహీనత బయటపడింది. దానికి చికిత్స మొదలైంది. కుంగుబాటు మందులు వెంటనే అవసరం లేదని, కౌన్సెలింగ్ సాగిస్తూ మళ్ళీ చూద్దామని ఆయన నిర్ణయించారు. సంరక్షకులు తమ ఒంట్లో బాగా లేకపోవడాన్ని కూడా దిగులు కిందే జమకట్టుకొని పరీక్షలు చేయించుకోరు. అందుకే ఈ మెట్టును ఎప్పుడూ దాటవేయకూడదని నా అభిప్రాయం.

మొదట సమయం, తర్వాతే సంతోషం

ఆమెకు సంతోషం గురించి మాట్లాడే ముందు నిద్ర, విశ్రాంతి కావాలి. ఊపిరి సలపని మనిషికి ఆనందాన్ని ఇంకొక పనిగా అప్పగించడం న్యాయం కాదు. కొడుకుతో, మరిదితో మాట్లాడాం. వారంలో ఒక డయాలిసిస్‌కు, శనివారానికి, మరిది వెంట వెళ్ళే ఏర్పాటు జరిగింది. ఇనుము మందుల వల్ల, ఆ ఒక్కరోజు తెల్లవారుజామున లేవనవసరం లేకపోవడం వల్ల కొన్ని వారాల్లో నీరసం తగ్గింది.

కానీ ఖాళీ దొరికిన ఆ శనివారాలు ఆమెకు మిగతా రోజులకంటే అధ్వానంగా గడిచాయి. అటక మీది గిన్నెలు దింపి తోమేవారు, మరిదికి పదేపదే ఫోన్ చేసేవారు, మధ్యాహ్నం కూర్చొని ఏడ్చేవారు. సమయం లేకపోవడమే అడ్డు అయితే సమయం దొరికినప్పుడు పరిస్థితి కొంతైనా మెరుగుపడాలి. అలా జరగలేదు కనుక అడ్డు మరెక్కడో ఉందని అనుకున్నాను. ఆ "మరెక్కడో" ఏమిటో తెలియడానికి ఇంకా కొంతకాలం పట్టింది.

ఫలితమివ్వని ప్రయత్నాలు

మొదట ఎంచుకున్నది కృతజ్ఞతల డైరీ. రోజూ జరిగిన మంచి విషయాలు మూడింటిని, అవి ఎందుకు జరిగాయో రాసుకునే అభ్యాసం మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన తర్వాత ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అంతకుముందు 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు పరిశోధకులు కృతజ్ఞత మీద చేసిన ప్రయోగాలు కూడా అటువైపే చూపించాయి. ఖర్చు లేదు, రాత్రి పది నిమిషాలు చాలు, ఆమెకు చదువు వచ్చు. ఎంచుకోవడానికి ఇవి సరిపోయే కారణాలే.

ఆమె తెచ్చిన నోటుపుస్తకంలో ఏమున్నదో చూడండి: "పొటాషియం పెరగలేదు." "ఆటో టైముకు దొరికింది." "సూది ఒక్కసారికే కుదిరింది." "రాత్రి ఆయాసం రాలేదు." ఒక్కటీ సంతోషం కాదు. అన్నీ రాకుండా పోయిన కష్టాలు. పగలంతా ప్రమాదం కోసం కాపలా కాసిన మనసు రాత్రి డైరీలో ఆ కాపలా నివేదికనే రాస్తోంది. పైగా మూడు విషయాలు దొరకని రోజున, "నాకు అంత కృతజ్ఞత కూడ లేదా" అని తనను తాను నిందించుకోవడం మొదలైంది. కుంగుబాటులో ఉన్నవారికి ఏ అభ్యాసమైనా పరీక్షగా మారే ప్రమాదం ఉంది. మారినట్టు కనబడగానే ఆపేశాం.

తర్వాత, కుంగుబాటు చికిత్సలో బాగా నిలదొక్కుకున్న బిహేవియరల్ యాక్టివేషన్ పద్ధతిలో ఇష్టమైన పనుల జాబితా వేశాం. ఒక మనిషి జీవితంలో తన చర్యల వల్ల లభించే తృప్తి తగ్గిపోతే కుంగుబాటు పెరుగుతుందని, తృప్తినిచ్చే పనులను మళ్ళీ రోజులో చేరిస్తే అది తగ్గుతుందని 1970లలో పీటర్ లూయిన్‌సన్ ప్రతిపాదించిన ఆలోచనే దీనికి మూలం. ఆమె జాబితాలో సంజీవయ్య పార్కులో నడక, గుడి, పాత స్నేహితురాలి ఇల్లు వచ్చాయి. పార్కుకు ఒకసారి వెళ్ళి, పక్కపక్కన నడుస్తున్న వృద్ధ దంపతులను చూసి తిరిగి వచ్చేశారు. గుడిలో మొక్కులు తప్ప మరో ఆలోచన రాలేదు. స్నేహితురాలి ఇంట్లో చాయ్ ఇస్తే తాగలేదట. ఎందుకు తాగలేదని నేను ఆ రోజు అడిగితే "అలవాటు తప్పింది" అన్నారు, అంతకుమించి చెప్పలేదు. కళ్ళు మూసుకొని శ్వాస మీద ధ్యాస నిలిపే అభ్యాసం కూడా కుదరలేదు. నిశ్శబ్దంలో భర్త శ్వాసే ఆమె చెవుల్లో మోగుతోంది.

గంటల పట్టిక చూపించినది

బయటి నుంచి సంతోషాన్ని తెచ్చి చేర్చే ప్రయత్నాలు ఆపి, ఉన్న రోజును ఉన్నట్టుగా చూద్దామని నిర్ణయించాను. మెలకువగా ఉన్న ప్రతి గంటకు ఏమి చేస్తున్నారో రెండు మాటలు, మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె, అంతే రాయమన్నాను. మంచి విషయమే రాయాలన్న నియమం లేదు కనుక ఇందులో తప్పడానికి ఏమీ లేదు. దీన్ని ఎంచుకోవడానికి అదే ముఖ్యకారణం.

పట్టికలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఆమెకు ఖాళీ అయిన శనివారం అంకెలు రెండు, మూడు దాటలేదు. కానీ మంగళ, గురువారాల్లో, అందరూ భారమనుకునే ఆ నాలుగు గంటల నిరీక్షణలో, ఐదు, ఆరు కనిపించాయి. ఆ గంటలకు ఎదురుగా "ఊరికే కూసున్న" అని రాసి ఉంది. కొంత తరచి అడిగితే తెలిసింది: మరో రోగి వెంట వచ్చే ఒకామె జాకెట్ హుక్కు ఊడిపోతే, సంచిలో ఉన్న సూదీ దారంతో ఈమె కుట్టిచ్చారు. మరుసటిసారి ఇంకొకామె చీర తెచ్చి కుచ్చులు ఎలా కడతారని అడిగింది. ఇప్పుడు ఆ హాల్లో ముగ్గురు నలుగురు ఈమె చుట్టూ కూర్చుంటున్నారు. "మరి ఇది సంతోషం కాదా?" అని అడిగితే ఆశ్చర్యంగా చూసి, "అది పని గదా మేడం" అన్నారు.

ఈ ఒక్క జవాబు నా ఆలోచనను మలుపు తిప్పింది. పనిలో దాగి వచ్చింది కనుక ఆ సంతోషాన్ని ఆమె అనుమతించగలిగారు. సంతోషమన్న పేరుతో వస్తే తలుపు వేసేవారే. అంటే ఆమెకు ఆనందించే శక్తి పోలేదు. ఆనందించకూడదన్న నిషేధం ఒకటి పనిచేస్తోంది.

రెండో సంగతి ఆ నిషేధం రూపురేఖలది. పట్టికలో ఎక్కడా చాయ్ లేదు. స్నేహితురాలి ఇంట్లో చాయ్ వద్దన్న సంగతి గుర్తొచ్చి, డయాలిసిస్ మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఏమేమి ఆగిపోయాయో చెప్పమన్నాను. ముప్పై ఏళ్ళ అలవాటైన పొద్దుటి చాయ్ మానేశారు. రెండు వేసవులుగా ఇంటికి మామిడిపండు తేలేదు. మిషన్ మీద గుడ్డ కప్పేశారు. రేడియో పెట్టడం లేదు. ఆదివారం కోడికూర లేదు. బతుకమ్మకు వెళ్ళలేదు. "ఆయనకు కడుపునిండ నీళ్ళు తాగనీకె లేదు, నేను చాయ్ ఎట్ల తాగుత?" అన్నారు. ఇది ఉత్సాహం తగ్గి పనులు వదిలేయడం కాదు, ఎవరూ పట్టమనకుండా తనకు తానే పట్టుకున్న నోము. ఒక్కొక్క ఆనందాన్నీ భర్త పక్షాన వదిలేస్తూ, ఆయన బాధలో పాలు పంచుకుంటున్నానని ఆమె మనసు నమ్ముతోంది. అలాంటి మనిషికి పార్కులో నడవమని చెప్పడమంటే నోము మధ్యలో వదిలేయమని చెప్పడమే.

అయితే దాన్ని నా అంతట నేను పొరపాటు అనడానికి వీల్లేదనుకున్నాను. అందులో ప్రేమ ఉంది. ఆ త్యాగం ఎవరి కోసం జరుగుతోందో ఆయనకు అసలు అది కావాలా అన్నది ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. దాని గురించి మాట్లాడవలసింది నేను కాదు, ఆయన.

భర్తతో కలిసి మాట్లాడిన రోజు

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నోరు విప్పి అడిగితే ఆయన తాను భారమయ్యానని బాధపడతారన్నది ఆమె భయం. ఆ భయం నిరాధారమని నేను అనలేదు. ఏ విషయాలు చెప్పాలి, ఏవి చెప్పకూడదు అన్నది ముందే ఆమెతో నిర్ణయించుకున్నాను. చావు ఆలోచనల సంగతి ఆ రోజు ఎత్తలేదు. డయాలిసిస్ జరిగిన రోజు రోగికి నీరసం గంటల తరబడి ఉంటుంది కనుక మధ్యలో వచ్చే ఖాళీ రోజును ఎంచుకున్నాం.

"ఇంట్లో ఏమి మారింది?" అని మాత్రమే ఆయనను అడిగాను. ఆయన చాలాసేపు ఆగి అన్న మాటలను ఉన్నవున్నట్టుగా రాస్తున్నాను: "చాయ్ బంద్ చేసింది. నాకోసమే అని తెలుసు. గని నాకేం పుణ్యమొస్తది మేడం? పొద్దుగాల ఇంట్ల చాయ్ వాసన కూడ లేకుంటయింది. నా జబ్బు ఈమెకు కూడ అంటుకున్నట్టుంది." ఆమె ఏడ్చారు. ఆయన ఊరుకోలేదు, మిషన్ సంగతి కూడా ఎత్తారు. డయాలిసిస్ అయి వచ్చిన మధ్యాహ్నం ఆ శబ్దం తలనొప్పి తెస్తుందని, పొద్దున్న పూట మాత్రం అది వినబడకపోతే ఇల్లు ఇల్లులా లేదని చెప్పారు. ఆయన అన్నిటికీ సరే అనకుండా ఏది కుదురుతుంది, ఏది కుదరదు అని తేల్చి చెప్పడం వల్లే ఆమె ఆ మాటలను నమ్మారని నా అంచనా. తనను సంతోషపెట్టడానికి అన్న మాటగా తోచి ఉంటే ఆమె దాన్ని పక్కన పెట్టేవారు.

చాయ్ విషయంలో మేమే నిర్ణయం తీసుకోలేదు. డయాలిసిస్ కేంద్రంలోని డైటీషియన్‌తో మాట్లాడుకోమన్నాను. ఆయన రోజువారీ ద్రవాల కొలతలోంచే ఒక చిన్న కప్పు తీసుకోవచ్చని వారు చెప్పారు. దానితో తెల్లవారుజామున, ఆటో ఎక్కే ముందు, ఇద్దరూ కలిసి చాయ్ తాగడం మొదలైంది. మామిడిపండును మాత్రం ఆమె ఆ ఏడాది కూడా ఇంటికి తేలేదు. పొటాషియం ఎక్కువగా ఉన్న మనిషి ముందు దాన్ని కోయలేనన్నారు, నేను బలవంతపెట్టలేదు. వదిలేసిన ప్రతిదాన్నీ తిరిగి తెచ్చుకోవాలని లేదు. ఆమె తెలిసి ఎంచుకున్న త్యాగానికి, భయంతో తనకు తెలియకుండా చేసిన త్యాగానికి తేడా ఉంది. రెండో రకాన్ని మాత్రమే మేము కదిలించాం.

ఆ చాయ్‌కి మూడు షరతులు పెట్టుకున్నాం: నిలబడి కాక కూర్చొని తాగడం, ఆ కాసేపు మందుల సంచి సర్దకపోవడం, దాని గురించి ఏమీ రాయకపోవడం. మంచి అనుభవాన్ని పొందడం ఒకటి, అది జరుగుతుండగా దానిమీద మనసు నిలిపి రుచి చూడడం మరొకటి అని ఫ్రెడ్ బ్రయంట్ తన పరిశోధనల్లో వేరుచేసి చూపించారు. ఆ రెండోదాన్ని ఇంకొకరితో పంచుకోవడం కూడా పెంచుతుంది. అందుకే డైరీకి బదులుగా, డయాలిసిస్ ముగిసి ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆ రోజు నిరీక్షణ హాల్లో జరిగిన ఒక ముచ్చట భర్తకు చెప్పమన్నాను. నాలుగు గంటలు పైకప్పును చూస్తూ పడుకున్న మనిషికి ఆ ముచ్చట అవసరమే కనుక, ఇది ఆమెకు "తన కోసం" చేసే పనిగా అనిపించలేదు.

నవ్వు భయం

ఇక మిగిలింది ఆ శుభకార్యపు రాత్రి. అది మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఆమె నా ముందు తల ఊపి, ఇంటికి వెళ్ళి నవ్వకుండానే ఉండేవారు. ఆ రాత్రి ఆయాసం ఎందుకు వచ్చిందో నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీల వైద్యుణ్ణి, అడిగి రమ్మన్నాను. వారానికి మూడు డయాలిసిస్‌లలో ఒకచోట తప్పనిసరిగా రెండు రోజుల విరామం వస్తుంది, శరీరంలో నీరు ఎక్కువగా చేరేది అప్పుడే, ప్రమాదాలు ఎక్కువగా వచ్చేది కూడా ఆ విరామం చివరే. ఆ శుభకార్యం సోమవారం జరిగింది. శనివారం డయాలిసిస్, మళ్ళీ మంగళవారం. పైగా ఎండాకాలం, విందులో ఉప్పు, పదిమంది మధ్య కొలత చూసుకోకుండా తాగిన మంచినీళ్ళు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరమైంది. "నవ్వు వల్ల కాదు, నీళ్ళ వల్ల" అన్న వివరణ నిజమే అయినా, "అయితే నవ్వుకుంట కూసొని ఆయన నీళ్ళు చూస్కోలే" అని ఆమె దాన్ని కొత్త నేరంగా మార్చుకునే అవకాశం ఉంది. నిజంగానే ఆ మాట అన్నారు. ఆ రోజు ఆయన కూడా పెద్దమనిషే కదా, తన కొలత తనకు తెలుసు కదా అని అడిగాను. ఆ తర్వాత నీళ్ళ లెక్కలో కొంత భాగాన్ని ఆయనకే అప్పగించాం. పొద్దున్నే రోజు కొలతను ఒక సీసాలో నింపి ఆయన దగ్గర పెట్టడం, చాయ్ తాగితే ఆ మేరకు సీసాలోంచి తీసేయడం. ఇది ఆమెకు విశ్రాంతి, ఆయనకు గౌరవం. నవ్విన రోజులనూ ఆ తర్వాతి రాత్రులనూ కొన్ని వారాలు గమనించమన్నప్పుడు, తాను నవ్విన రోజులు తాననుకున్నదానికంటే ఎక్కువని, వాటిలో చాలావరకు ఏమీ జరగలేదని ఆమే చెప్పారు.

బతుకమ్మ సమయానికి నిషేధం మరో వైపు నుంచి వచ్చింది. ఆమెకు వెళ్ళాలనిపించింది, కానీ "మొగడు గట్లుంటే ఈమెకు ఆటలా" అని చుట్టాలు అంటారేమోనని వెనకాడారు. తొమ్మిది రోజుల పండుగ కనుక డయాలిసిస్ లేని సాయంత్రాన్ని ఎంచుకోవచ్చని చెప్పాను. ఎవరైనా ఆ మాట అంటే ఏమి చెబుతారో ముందే ఆలోచించుకోమన్నాను. "ఆయనే పొమ్మన్నడు" అన్న జవాబు ఆమె సిద్ధం చేసుకున్నారు. అంటే అప్పటికీ ఆ అనుమతి భర్త పేరు మీదే ఉంది. నాకు అది పూర్తిగా నచ్చలేదు. అయినా ఆ ఇంటి పద్ధతిలో, ఆ వయసులో, ఆ జవాబుతోనే ఆమె గడప దాటగలరనిపించి ఊరుకున్నాను. వెళ్ళారు, ఒక గంట ఆడి వచ్చారు.

ఎదురుదెబ్బ

పండుగ తర్వాత భర్తకు జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చి కొన్నాళ్ళు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. చాయ్ ఆగిపోయింది, మిషన్ మీద మళ్ళీ గుడ్డ పడింది, ముచ్చట్లు లేవు. నా దగ్గరకు రావడం కూడా మానేసి, ఫోన్లో మాత్రం మాట్లాడారు. ఆ రోజుల్లో నేను ఏ అభ్యాసాన్నీ గుర్తు చేయలేదు. తిన్నారా, పడుకున్నారా, మరిది వస్తున్నాడా, ఇవే అడిగాను.

అయినా ఒకటి నిలిచింది. డయాలిసిస్ హాల్లోని ఆడవాళ్ళు ఆసుపత్రి వార్డుకే చీర తీసుకొని వచ్చారు. కూతురి పెళ్ళి దగ్గరపడిన ఒకామెకు కుచ్చులు పూర్తి కావాలి. ఆమె వార్డు బయట బెంచీ మీద కూర్చొని కట్టారు. తానొక్కరే చేసుకునే ఆనందాలు కష్టకాలంలో మొదట రాలిపోయాయి, అవతల ఇంకొక మనిషి ఎదురుచూస్తున్నవి మాత్రం నిలిచాయి. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు మా ప్రణాళికను దీని ప్రకారమే తిరగరాశాం. శనివారం ఖాళీ సమయంలో ఒంటరిగా విశ్రాంతి తీసుకునే బదులు, పక్కింటి ఇద్దరు అమ్మాయిలకు కుట్టు నేర్పడం మొదలుపెట్టారు.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ఎయిడ్స్‌తో మరణిస్తున్న భాగస్వాములను చూసుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో పురుషుల మీద సుసాన్ ఫోక్‌మన్ 1990లలో చేసిన అధ్యయనం ఈ సందర్భంలో తప్పక చెప్పుకోవాలి. తమను కష్టాల గురించి మాత్రమే అడుగుతున్నారని, బతుకులో మంచి సంగతులు కూడా ఉన్నాయని పాల్గొన్నవారే పరిశోధకులకు గుర్తుచేశారు. ఆ ప్రశ్న చేర్చినప్పుడు దాదాపు అందరూ ఏదో ఒక మంచి సంఘటనను చెప్పగలిగారు. దుఃఖం తగ్గాకే సంతోషం వస్తుందన్న క్రమం నిజం కాదని, రెండూ ఒకే రోజులో పక్కపక్కన ఉంటాయని ఆ పని చూపించింది. ఆమె పట్టిక కూడా అదే చెప్పింది. అందుచేత సంరక్షకులకు సంతోషాన్ని కొత్తగా సూచించే ముందు, ఇప్పటికే ఎక్కడ ఉందో గంట గంటకూ చూడడం మేలు. అది "పని" అన్న పేరుతో దాగి ఉండవచ్చు.

రెండోది, ఏమి ఇష్టమని అడగడం కంటే ఏమి మానేశారని అడగడం నాకు ఎక్కువ చెప్పింది. ఇప్పుడు డయాలిసిస్, క్యాన్సర్, పక్షవాతం ఉన్న ఇళ్ళ నుంచి ఎవరు వచ్చినా మొదటి రెండు సమావేశాల్లో ఈ ప్రశ్న అడుగుతున్నాను. మానేసినదాని వెనుక ఒక మనిషి ఉంటే, ఆ మనిషిని, వీలైతే, గదిలోకి తీసుకురావాలి.

కొలతల్లో చివరికి కనిపించింది ఇది: పీహెచ్‌క్యూ-9 మార్కులు స్వల్ప కుంగుబాటు పరిధికి, అంటే 5–9 మధ్యకు దిగాయి, చావు ఆలోచనలు రావడం లేదు. జరిట్ ప్రశ్నావళిలో భారం మాత్రం కొద్దిగానే తగ్గింది. పని తగ్గలేదు కనుక అది సహజమే. భారం అలాగే ఉండి కుంగుబాటు తగ్గగలదన్నది ఈ కేసులో నేను గట్టిగా చెప్పగలిగిన విషయం. అయితే దానిని సాకుగా తీసుకొని, ఆమె మీది భారం తగ్గించే బాధ్యత నుంచి కుటుంబం గానీ, మేము గానీ తప్పుకోకూడదు. రెండో రోజుకు కూడా ఎవరైనా వెంట వెళ్ళే ఏర్పాటు గురించి కొడుకుతో ఇంకా మాట్లాడుతున్నాం.

రాత్రి లేచి ఫిస్ట్యులా చూసుకోవడం పూర్తిగా పోలేదు. డయాలిసిస్ సిస్టర్ నేర్పిన ప్రకారం పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి చూస్తే సరిపోతుందని ఆమెకు తెలుసు. ఆ రెండుసార్లలో పొద్దుటిది ఆయనే స్వయంగా చూసుకొని ఆమెకు చెబుతున్నారు. జ్వరం వచ్చిపోయిన తర్వాత నడిరాత్రి మెలకువలు మళ్ళీ కొంత పెరిగాయి. ప్రస్తుతం నెలకొకసారి జరిగే సమావేశాల్లో మేము పనిచేస్తున్నది దాని మీదే.